టైంటేబుల్‌లో ఒక గడి కోసం

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి, కమిషనర్ గారికి, ఎస్‌సీఈఆర్‌టీ డైరెక్టర్ గారికి

నమస్కారం.

కదిరి చుట్టుపక్కల మండలాల్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పందొమ్మిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి, తరలించి అమ్మేసేవాళ్ల నుంచి కాపాడే చదువుకు టైంటేబుల్‌లో ఒక పీరియడ్ అడగడానికి ఇది రాస్తున్నాను. ఇందులో తల్లిదండ్రులు, తోటి టీచర్లు కూడా చదవాల్సిన సంగతులు ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరాన్ని అందరి ముందూ పెడుతున్నాను. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను.

పోయినేడు ఒక టీమ్ మా బడికి వచ్చి గంటసేపు గుడ్ టచ్, బ్యాడ్ టచ్ గురించి చెప్పి వెళ్లింది. మంచివాళ్లే, ఓపిగ్గానే చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశాం, వాట్సాప్ గ్రూపులో పెట్టాం, రిపోర్టు పంపాం. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక ఏడో తరగతి పిల్ల ఒకతి సైన్స్ ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడింది. కంచం కడుక్కొచ్చినట్టుంది, నీళ్లు కారుతున్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరి నుంచే అడిగింది.

"మేడమ్, ముట్టుకోకుండా ఫోన్లో ఫొటోలు పంపమంటే అది ఏ టచ్?"

గంటసేపు మేం చెప్పించిన పాఠంలో ఆ పిల్ల ప్రశ్నకు జవాబు లేదు. నాకూ వెంటనే నోరు పెగల్లేదు. ఎవరడిగారమ్మా అంటే తలొంచుకుని, "మా మామ వరస" అంది. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలుసని మీరనుకోవచ్చు. తెలియదు. బీఈడీలో ఎవరూ చెప్పలేదు. సర్వీసులో చేరాక లెక్కలేనన్ని ట్రైనింగులకు వెళ్లాను, అక్కడా చెప్పలేదు. స్టాఫ్‌రూమ్‌లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. "వాళ్లమ్మను పిలిపించండి" అన్నారు ఒకరు. "మనకెందుకు మేడమ్, రేపు ఊళ్లో గొడవైతే?" అన్నారు ఇంకొకరు. ఆ రాత్రి నేను సొంతంగా చట్టం చదివి తెలుసుకున్నదేమిటంటే, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. సంస్థకు అధిపతిగా ఉన్నవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది వరకు. పదిమందికి పైగా టీచర్లున్న మా స్టాఫ్‌రూమ్‌లో ఈ ముక్క తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా.

అందుకే నా విన్నపం పిల్లలతో మొదలుపెట్టడం లేదు. "ఏమన్నా జరిగితే పెద్దవాళ్లకు చెప్పండి" అని పిల్లలకు నేర్పుతున్నాం. ఆ పెద్దవాళ్లం మేమే. మాకు ముందు నేర్పండి.

ఇంకో పిల్ల సంగతి చెప్పాలి. ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట, వేరే ఊరు, వేరే బడి. శెనక్కాయ పంట పోయిన ఏడాది. తొమ్మిదో తరగతి, బొమ్మలు బాగా వేసేది. పువ్వు నిలువుకోత బొమ్మ బోర్డు మీద నాకంటే బాగా వేస్తుందని తనతోనే వేయించేదాన్ని. సంక్రాంతి సెలవులయ్యాక రాలేదు. వారం గైర్హాజరు వేశాను. రెండో వారం పక్కన కూర్చునే పిల్లను అడిగితే, "వాళ్ల చిన్నమ్మ తోడుకోని పోయింది మేడమ్, బెంగుళూరులో కుట్టుమిషన్ పనికంట" అంది. చిన్నమ్మే కదా అనుకున్నాను. ఫిబ్రవరి దాకా రిజిస్టర్‌లో ఆ పేరుకెదురుగా వరసగా ఎర్ర ఇంకు. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి మానేసిన పిల్లల జాబితాలోకి పంపాం. కారణం అడిగినచోట "వలస" అని రాశాం. నా చేత్తోనే రాశాను.

రెండేళ్ల తర్వాత ఆ పిల్లను బస్టాండులో చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఎక్కడికి పోయిందో, ఆ రెండేళ్లు ఏం జరిగిందో ఊళ్లో అందరూ గుసగుసలాడుకున్నదే నాకూ చేరింది. ఆ పిల్ల నోటితో నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ "చిన్నమ్మ"కు వాళ్ల అమ్మతో రక్తసంబంధం ఏమీ లేదనీ, వరస కలుపుకుని పిలుచుకునేవాళ్లనీ మాత్రం తెలిసింది. అప్పటి మా హెచ్‌ఎం, "ఇప్పుడు కదిలిస్తే ఆ పిల్లకే పరువు తక్కువ, బడికీ చెడ్డపేరు" అన్నారు. నేను తలూపి ఊరుకున్నాను. ఈ ఉత్తరం ఆ రోజే రాసి ఉండాల్సింది.

మా ప్రాంతం నుంచి ఆడవాళ్లను, ఆడపిల్లలను ముంబై, భివండీ, పుణె, ఢిల్లీలకు తరలించి అమ్మేయడం ఈ జిల్లా పోలీసులకు కొత్త విషయం కాదు. ఏళ్ల తరబడి కేసులున్నాయి. అయినా మా పిల్లలకు దీని గురించి తెలిసింది సినిమాల్లో చూసిందే. నల్ల వ్యాను వస్తుంది, ముసుగు వేసుకున్నవాడు దిగుతాడు, నోరు మూసి ఎత్తుకుపోతాడు. నిజంలో ఎవరినీ ఎత్తుకుపోరు. పిలిచి తీసుకెళ్తారు. పిల్ల తనంతట తానే మంచి బట్టలు వేసుకుని, సంచి సర్దుకుని, అమ్మకు టాటా చెప్పి బస్సెక్కుతుంది. తీసుకెళ్లేది చాలాసార్లు ఆడమనిషే. ఒకప్పుడు ఇదే ఊరి నుంచి పోయి, ఇప్పుడు మెళ్లో గొలుసుతో తిరిగొచ్చిన మనిషి. అప్పుల్లో ఉన్న ఇంటినే చూసుకుంటుంది. తాగే తండ్రి, మొగుడొదిలేసిన తల్లి, కట్నం కుదరని పిల్ల, అమ్మానాన్న లేక అవ్వ దగ్గర పెరిగే పిల్ల, ఇవన్నీ ఆమెకు మనకంటే ముందే తెలుసు. తండ్రి చేతిలో అడ్వాన్సని ఐదో పదో వేలు పెడుతుంది. లేదంటే ఫోన్లో పరిచయమైన అబ్బాయి, "పెళ్లి చేసుకుందాం వచ్చెయ్" అంటాడు. ఊరు దాటగానే సిమ్ మారుతుంది. మధ్యలో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పిల్ల మారుతుంది. చివర్లో ఉన్నవాడికి మొదట తీసుకొచ్చిన మనిషి పేరు కూడా తెలియదు. "వెళ్లిపోతా" అంటే వీడియో ఊళ్లో అందరికీ పంపుతామంటారు.

కొత్త మనుషులతో జాగ్రత్త అని మనం చెప్పే పాఠం ఇక్కడ ఎందుకూ పనికిరాదు. గుంటూరు కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2021లో కోవిడ్‌తో తల్లిని పోగొట్టుకున్న పదమూడేళ్ల పాపను, ఆస్పత్రిలో ఆ తల్లితో స్నేహం చేసిన మహిళే "నేను చూసుకుంటా"నని తీసుకెళ్లి వ్యభిచారంలోకి దించింది. 2022 ఏప్రిల్ నాటికి ఆ ఒక్క కేసులో నిందితులు 80 మంది వరకు తేలారు. తెలంగాణలో యాదగిరిగుట్ట దగ్గర 2018లో పోలీసులు వ్యభిచార గృహాల నుంచి విడిపించిన 11 మంది ఆడపిల్లలు చిన్నచిన్న పిల్లలు. వాళ్లలో కొందరికి తొందరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇరుగుపొరుగుకు వాళ్లు ఆ ఇళ్లలో పిల్లల్లాగే కనబడ్డారు.

ఇంట్లో, బడిలో జరిగే వేధింపుల సంగతీ ఇంతే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది. అందులో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. మరీ ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకస్తులు. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ లెక్కలో నన్ను నిలబెట్టేసిన సంగతి ఇంకోటుంది. వేధింపులకు గురైనవాళ్లలో సగానికి పైగా మగపిల్లలు. మా బళ్లో ఇలాంటి కార్యక్రమం పెట్టినప్పుడల్లా మగపిల్లల్ని గ్రౌండ్‌లోకి ఆటకు పంపేస్తాం. ఎనిమిదో తరగతి మగపిల్లాడికి ఇలాంటిది జరిగితే వాడు ఎవరికి చెప్పుకోవాలి? చెబితే నవ్వుతారని వాడికి తెలుసు. వాడు చెప్పుకోడానికి మనం ఒక మాట కూడా ఇవ్వలేదు.

మాట అంటే గుర్తొచ్చింది. ఒకటో తరగతి పిల్లలకు కళ్లు, ముక్కు, చెవులు, చేతులు అన్నీ నేర్పుతాం. మధ్యలో కొన్ని అవయవాలకు పేర్లే ఉండవు. "అక్కడ" అంటాం, "సిగ్గు సిగ్గు" అంటాం. ఆ పిల్ల ఏదన్నా జరిగి వస్తే "అక్కడ నొప్పి" అంటుంది, మనం కడుపునొప్పి బిళ్ల ఇస్తాం. శరీరంలో ఒక భాగం పేరు పలకడమే తప్పయినప్పుడు, ఆ భాగానికి జరిగింది చెప్పడం ఇంకెంత పెద్ద తప్పుగా తోస్తుంది పసిపిల్లకు! ఆస్పత్రిలో డాక్టరు వాడే తెలుగు మాటలే ఒకటో తరగతి నుంచి మామూలుగా పలికించండి. రెండు వారాల్లో పిల్లలకు అలవాటైపోతుంది. అలవాటు కావాల్సింది మాకే.

ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం ఉంది. పదిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. చాలామంది టీచర్లు ఆ పేజీలు "ఇంట్లో చదువుకోండి" అని తిప్పేస్తారు. తప్పు వాళ్లదొక్కరిదే అనను. నేనూ మొదటి మూడేళ్లు అలాగే తిప్పాను. నా గొంతు వణుకుతుంటే ముందు బెంచీ పిల్లలు నవ్వేవాళ్లు. ఎలా చెప్పాలో ఎవరైనా ఒక్కసారి చెప్పి చూపిస్తే బాగుండుననిపించేది. పాఠ్యపుస్తకాల అట్ట లోపల పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఏళ్లుగా అచ్చేస్తున్నాం. పోయినేడు నా క్లాసులో అడిగాను, ఆ నంబరు ఎందుకని. "గ్యాస్ బండకు మేడమ్" అన్నాడొకడు. ఆ రోజే స్పీకర్ పెట్టి పిల్లల ముందే ఫోన్ చేశాను. ఇది క్లాసు, పిల్లలకు తెలియాలని చేశాను, రెండు నిమిషాలు మాట్లాడగలరా అంటే అవతలి అమ్మాయి తెలుగులో, ఓపిగ్గా, తాను ఎవరో, ఫోన్ వచ్చాక ఏం చేస్తారో చెప్పింది. క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టి విన్నది. అవతల నిజంగా మనిషి ఉంటుందని పిల్లలకు ఆ రోజు తెలిసింది. అట్ట మీద అంకె కన్నా ఆ రెండు నిమిషాలే గట్టిగా పనిచేశాయి.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను.

మాకు పదిహేను రోజులకు ఒక పీరియడ్ కావాలి. అది టైంటేబుల్‌లో ఉండాలి. ఎవరో వచ్చినప్పుడు పెట్టే సభ కాకుండా, లెక్కలకూ తెలుగుకూ ఉన్నట్టు దానికీ ఒక గడి ఉండాలి. ఇది మీ దయ మీద ఆధారపడ్డ సంగతీ కాదు. 2020 పోక్సో నిబంధనల్లో మూడోది, పిల్లల వయసుకు తగ్గ వ్యక్తిగత భద్రత పాఠ్యాంశాలను కేంద్రం, ప్రతి రాష్ట్రం తయారు చేయాలని చెబుతోంది. అదే ఏడాది మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టమన్నారు. హింస నివారణ, ఇంటర్నెట్ జాగ్రత్తలు వాళ్లు చెప్పాల్సిన అంశాల్లో ఉన్నాయి. అంటే కాగితం మీద దారి వేసే ఉంది. దాని మీద నడవడానికి సమయం, పుస్తకం, తర్ఫీదు ఇవ్వండి.

పుస్తకం తెలుగులో పుట్టాలి. ఢిల్లీలో రాసింది మక్కీకి మక్కీ దించితే మా పిల్లలకు అంటదు. మా పుస్తకంలో శెనక్కాయ పంట పోవాలి, చిన్నమ్మ వరస మనిషి రావాలి, కువైట్ వీసా మాట రావాలి. గోదావరి జిల్లాల పుస్తకంలో గల్ఫ్ ఏజెంటు, కర్నూలు పుస్తకంలో పత్తి విత్తనాల చేలో పరాగ సంపర్కం పనికి పోయే ఆడపిల్ల రావాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పని అని ఎవరన్నా పిలిస్తే ఏం అడగాలో నేర్పాలి. యజమాని పేరేమిటి, ఊరూ వీధీ ఏమిటి, అక్కడి ఫోన్ నంబరేమిటి, ఇప్పటికే అక్కడ పనిచేసే మనూరివాళ్లెవరు, నా ఆధార్ ఎవరి దగ్గరుంటుంది, నాకు ఇష్టం లేకపోతే ఎవరు వెనక్కి తెస్తారు. ఇవన్నీ అమ్మ ముందు, ఇంకో పెద్ద మనిషి ముందు అడగాలి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే మనిషితో పోకూడదు. ఒక్క ఫోన్ నంబరన్నా కంఠతా రావాలి, ఎందుకంటే మొదట లాక్కునేది ఫోన్నే. రైల్లో ఉంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేయొచ్చనీ, ధర్మవరం లాంటి జంక్షన్‌లో దిగి ఖాకీ బట్టల్లో ఉన్న రైల్వే పోలీసు దగ్గర నిలబడొచ్చనీ తెలియాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో "నువ్వే ఒప్పుకుని వచ్చావుగా" అనే మాట చట్టం ముందు చెల్లదని తెలియాలి. తప్పు తనదేననే భయమే ఆ పిల్లను అక్కడ కట్టిపడేస్తుంది కాబట్టి ఈ చివరి మాట పదిసార్లు చెప్పాలి.

ఏడు రోజులు చెప్పకుండా రాని పిల్ల ఇంటికి టీచరు, సచివాలయం మహిళా పోలీసు కలిసి వెళ్లేలా ఒక సర్క్యులర్ ఇవ్వండి. పిల్లతో నేరుగా, కనీసం ఫోన్లో మాట్లాడనిదే డ్రాప్ బాక్స్‌లోకి పంపకూడదని పెట్టండి. "వలస" అన్న ఒక్క మాట కింద ఎంతమంది పిల్లలున్నారో నేను తలుచుకోలేను. పిల్లలు మాయమయ్యేది ఎక్కువగా సెలవుల్లోనే. ఏప్రిల్ చివరి వారం, దసరా ముందు, సంక్రాంతి ముందు ఒక్కో పీరియడ్ దీనికే కేటాయించండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో పదిహేను నిమిషాలు తల్లులతో దీని గురించే మాట్లాడనివ్వండి. ఆ రోజు ఊరంతా మా ముందే కూర్చుంటుంది.

ఒక మాట చెప్పడానికి నాకే కష్టంగా ఉంది, అయినా చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. పిల్లల మీద చెయ్యి వేసినవాళ్లలో మా వృత్తివాళ్లూ ఉన్నారు. బస్సు డ్రైవర్లు, వాచ్‌మన్లు, హాస్టల్ మనుషులూ ఉన్నారు. 2022 అక్టోబరులో హైదరాబాద్‌లో ఎల్‌కేజీ పాప విషయంలో ప్రిన్సిపాల్ కారు డ్రైవరే నేరస్తుడు, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 20 ఏళ్ల శిక్ష పడింది. సిబ్బంది అందరి గురించీ పోలీసు విచారణ చేయించాలని నిబంధన ఉంది, ఎన్ని బళ్లలో జరిగిందో కనుక్కోండి. ఇంకా ముఖ్యంగా, ఫిర్యాదు వచ్చిన టీచరును వేరే మండలానికి బదిలీ చేసి చేతులు దులుపుకోవడం ఆపండి. ఇక్కడి పిల్లల్ని కాపాడామనుకుని, పేరు తెలియని ఇంకో ఊరి పిల్లల ముందుకు అతన్ని పంపిస్తున్నాం. ఫిర్యాదుల పెట్టె తాళం కూడా బడిలోవాళ్ల దగ్గర ఉండకూడదు. నా దగ్గరా వద్దు.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారని కొందరు తల్లిదండ్రులు అంటారు, కొందరు టీచర్లూ అంటారు. శరీరం గురించి వయసుకు తగ్గట్టు చెప్పినందువల్ల పిల్లలు తొందరపడటం పెరగదని యునెస్కో 2018లో పలు దేశాల అధ్యయనాలు చూసి రాసింది. మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులోనూ బళ్లలో ఇలాంటి చదువు కావాలని చెప్పింది. నేను చూసింది కూడా ఇదే. చెప్పిన క్లాసులో పిల్లలు మొదటి పది నిమిషాలు నవ్వుతారు. పదకొండో నిమిషం నుంచి వింటారు.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఒక ముసలి సౌదీ దేశస్తుడి పక్కన పదకొండేళ్లు కూడా నిండని పాప ఏడుస్తూ కూర్చుంది. పెళ్లి పేరుతో తీసుకెళ్తున్నాడు. విమానం నిండా మనుషులున్నారు. అమృతా అహ్లూవాలియా అనే ఎయిర్‌హోస్టెస్ ఒక్కరే పాప దగ్గరికెళ్లి ఎందుకు ఏడుస్తున్నావని అడిగారు. దేశమంతా ఆ ప్రశ్న దగ్గరే కదిలింది. మా బళ్లల్లోనూ అడిగే మనిషి ఒకరు ఉండాలి. అడిగాక ఏం చేయాలో ఆ మనిషికి తెలిసుండాలి.

ఫొటోల గురించి అడిగిన పిల్ల సంగతి చెప్పలేదు కదా. మూడో రోజు 1098కి చేశాం, నేనూ ఇప్పటి మా హెచ్‌ఎం మేడమ్ కలిసి. వాళ్ల ఇంటికి వచ్చిన మహిళా ఎస్సై మామూలు చీరలో వచ్చింది. పిల్ల వాంగ్మూలం తన ఇంట్లో గానీ తను కోరిన చోట గానీ, యూనిఫాం లేకుండా తీసుకోవాలని పోక్సో 24వ సెక్షన్‌లో ఉందనీ, రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదనీ అప్పటికి నేను చదివాను కాబట్టి ముందే వాళ్లమ్మకు చెప్పగలిగాను. ఆ తల్లి స్టేషన్ అనే మాటకే గజగజలాడింది. ఇది విన్నాకే ఒప్పుకుంది. పిల్ల ఇప్పుడు ఎనిమిదిలో ఉంది, బడికి వస్తోంది. రెండో బెంచీలో కూర్చుంటుంది.

జూన్ 12న బడి తెరుస్తాం. 9-బి టైంటేబుల్‌లో శనివారం ఐదో పీరియడ్ గడి ఖాళీగా ఉంచమని మా హెచ్‌ఎం మేడమ్‌ను అడిగాను, సరేనన్నారు. ఆ గడిలో ఏ పేరు రాయాలో మీ నుంచి రావాలి.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
శ్రీ సత్యసాయి జిల్లా